పాప ఒంటికి పడని సబ్బు

అమ్మాయ్, నువ్వూ పాపా నిద్రలో ఉన్నారని లేపలేదు. దుకాణం తెరవడానికి వెళ్తున్నాను. నిన్న నువ్వు డ్యూటీలో ఉండగా పాపని చూపిస్తే డాక్టరమ్మ చెప్పినవి రాస్తున్నాను. పాపకి గోరువెచ్చని నీళ్లతో ఐదు నిమిషాల్లో స్నానం ముగించు. తువ్వాలుతో రుద్దకుండా అద్దు. చెమ్మ ఆరకముందే ఆయింట్‌మెంట్ పట్టించు, మోకాళ్ల మడతల్లో ఇంకాస్త దట్టంగా.

ఇంకో సంగతి ఎదురుగా చెప్పడానికి మొహం చెల్లలేదు. నువ్వు డ్యూటీకి వెళ్లిన రోజుల్లో, వాసన బాగుంటుందని పాపకి నా సబ్బే రుద్దాను. పాప ఒంటిమీద ఎగ్జిమా అంతలా ముదిరింది దానివల్లేనట. నువ్వు గుడ్లు తిని పాలివ్వడం వల్లేనని మీ అత్తయ్య అంటే నేనూ ఊకొట్టాను. పాపం, నెల రోజులు నోరు కట్టుకున్నావు.

మామయ్య

ఇప్పుడే మీ అత్తయ్యకీ చెప్పేశాను. వెంటనే వెళ్లి నీకోసం రెండు గుడ్లు ఉడకబెట్టింది. తన ఎదురుగా కూర్చునే తిను.