బతికున్నవాళ్లను తలుచుకోమన్నారు

మార్చి 9, ఆదివారం

అక్కకు,

తమ్ముడు నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రావడం లేదు. బావ పోయిన ఈ ఐదు నెలల్లో నీ గుమ్మం తొక్కలేదని నీకు కోపంగా ఉందట. నీ ఎదుట కూర్చునే ధైర్యం లేక రాలేదు. ఆ ధైర్యం దొరుకుతుందేమోనని మూడు రోజులు బౌద్ధుల ధ్యాన శిబిరానికి వెళ్లొచ్చాను.

నువ్వు నవ్వుతావు. ఈ వాగుడుకాయని నోరు మూయించి కూర్చోబెట్టారు మరి! ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. ఊపిరిని గమనించమన్నారు. నాకు ఊపిరికన్నా పక్కాయన కడుపులో గుడగుడలే బాగా వినిపించాయి. లిఫ్టు గోతుల్లో గంటలకొద్దీ గొంతుకూర్చుని పనిచేసే మోకాళ్లు, మెత్తటి దిండు మీద పావుగంటకే మొరాయించాయి.

రెండో రోజు మైత్రీ ధ్యానం. ఇష్టమైన మనిషిని తలుచుకుని, సుఖంగా ఉండాలని మనసులో కోరుకోవాలి. నేను బావను తలుచుకున్నాను. నాకు లిఫ్టు పని నేర్పింది ఆయనే కదా. ఎంతసేపు కూర్చున్నా లోపల ఏమీ కదల్లేదు. ఆ మాట చెబితే భిక్షువు నా భుజం తట్టి, ఈ ధ్యానంలో చనిపోయినవాళ్లను ఎంచుకోకూడదన్నారు. కొత్తవాళ్లు చాలామంది చేసే పొరపాటేనట. బతికున్నవాళ్లను తలుచుకోమన్నారు.

నిన్ను తలుచుకున్నాను. చూసుకోకుండా గోతిలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడని బావను తిడుతూ ఏడ్చే నువ్వే కనిపించావు. మీ నాన్నలా అజాగ్రత్తగా ఉండకండని పిల్లలతో కూడా అంటున్నావట, నీ పెద్ద కూతురు ఫోన్లో చెప్పింది. అక్కా, నాకు ఏడుపు ఆగలేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు గనక సరిపోయింది.

ఈ ఉదయం ఎవరి సుఖం వాళ్లు కోరుకోమన్నారు. నావల్ల కాలేదు. లేచి వచ్చి బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను.

వేళకు తిను. పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు

తా.క.: బావది అజాగ్రత్త కాదు. లోపల మనిషి ఉన్నాడని రాసిన అట్టను స్విచ్చుకు తగిలించే దిగాడు. తగిలించినవాడే దాన్ని తీయాలన్నది మా పనిలో మొదటి నియమం. పై అంతస్తుల వాళ్లు లిఫ్టు కోసం అరుస్తుంటే, బావ పైకి వచ్చేశాడనుకుని, అట్ట తీసి స్విచ్చు వేసింది నేను. విచారణలో అసలు అట్టే లేదని చెప్పిందీ నేనే. ఈ ఉత్తరం డబ్బాలో వేసి పోలీసు స్టేషనుకు వెళ్తున్నాను. వాళ్ల నాన్న సంగతి పిల్లలకు నువ్వే చెప్పు.