నీరసం బ్యాటరీది

నాన్నా,

పచ్చిక కోసే బండిని పాత ఇనుముకు అమ్మేసి పని మానేస్తానన్నావట. "దాని ఓపికా అయిపోయింది, నా ఓపికా అయిపోయిందే" అన్నావని అమ్మ ఫోనులో ఏడ్చింది.

ఇంజను బాగానే ఉంది నాన్నా. తాళం తిప్పగానే మూలుగుతోందంటే నీరసం బ్యాటరీది. చలికాలమంతా కదలకుండా పడి ఉండి చార్జి దిగిపోయింది. తీగల చివర పట్టిన తెల్లటి పొడిని తుడిపించి, చార్జి పెట్టించు. అప్పటికీ లేవకపోతే బ్యాటరీ మార్చు, బండిని మాత్రం అమ్మెయ్యకు.

ఇది చదివి వినిపిస్తున్న దుకాణం మామయ్యా, పై ముక్క ఇంకోసారి చదువు. ఆయన ఒక్కసారికి వినే రకం కాదు.

ఇక్కడ క్లాసు కిటికీ బయట ఎవరో పచ్చిక కోస్తున్నారు. ఆ మోతకు కళ్లు మూతలు పడుతున్నాయి. నువ్వే బండెక్కి మబ్బుల్లో తేలుతూ వస్తున్నట్టుంది.

బండి కదిలిన రోజు ఫోను చెయ్యి. ఏమీ మాట్లాడక్కర్లేదు, ఫోను దాని పక్కన పెట్టు చాలు.

నీ చదువులమ్మ