తొమ్మిదో ఓటు

బీదర్,
22-6-1964

పెద్దన్నకు చెల్లెలు శరణమ్మ శరణు శరణార్థి.

కూతురికి ఒంట్లో బాగాలేదని చెప్పి, సర్పంచి ఎన్నిక జరిగిన సాయంత్రమే నేను బీదర్ రైలెక్కాను. అది అబద్ధం. గంగమ్మ నిక్షేపంలా ఉంది. నీ ముఖం చూడలేక వచ్చేశాను. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువుకో.

నిన్న అల్లుడు గురులింగప్ప జహీరాబాద్ నుంచి వచ్చి ఒక మాట చెప్పాడు. పదిహేడు మంది మెంబర్లలో మనవాళ్లు తొమ్మిది మంది ఉండగా నీకు ఎనిమిదే పడ్డాయి. ప్రకాశం మాస్టారు ఒక్క ఓటుతో సర్పంచి అయ్యాడు. మన మెంబర్లలో మాట తప్పింది ఎంకయ్యేనని అందరూ అనుకున్నారట. ఇరవై ఏళ్లుగా మన అడ్తి దుకాణంలో కాంటా దగ్గర నిలబడ్డ మనిషిని నువ్వు హమాలీలందరి ముందు "నా ఉప్పు తిని నాకే ఎసరు వెట్టినవ్. ఇగ నా దుకాణం మెట్లెక్కకు" అన్నావట. అతను ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయాడట.

అన్నా, ఎంకయ్య నీకే వేశాడు. వేయనిది నేను.

మా ఆయన చనిపోయిన ఏడు నువ్వు నన్ను ఇంటికి తెచ్చుకున్నావు. నా బిడ్డ పెళ్లి చేశావు. ఆడవాళ్ల సీటులో మెంబరును చేసి, "నేను చెప్పినప్పుడు చెయ్యి లేపితే చాలు చెల్లె, తతిమ్మాది నేను సూసుకుంట" అన్నావు. ఐదేళ్లు అలాగే చేశాను. సర్పంచిగా నువ్వు ఊరికి ఏమీ చేయలేదని నేననను. స్టేషను రోడ్డు వేయించావు, లారీలు వచ్చాయి, అల్లం, బెల్లం మంచి ధరకు పోయాయి, హమాలీలకు రోజూ పని దొరికింది. కానీ ఆ రోడ్డుకు పెట్టిన సొమ్ము పంచాయతీ సమితివాళ్లు ఝరాసంగం దారిలో వాగు మీద కల్వర్టు కట్టమని ఇచ్చింది. "కల్వర్టు వచ్చే ఏడు కడదాం" అని నువ్వు తీర్మానం రాయిస్తే, కింద నేనూ సంతకం పెట్టాను. వచ్చే ఏడు మూడుసార్లు వచ్చి పోయింది.

పోయిన భాద్రపదంలో వాగు అవతల నాగవ్వ కోడలు నీలమ్మకు నొప్పులొచ్చాయి. దవాఖానకు బండిలో బయల్దేరారు. వాగు నిండుగా పారుతోంది. ఆడ మెంబరునని నాకు కబురు వస్తే పోయి ఇవతలి గట్టున నిలబడ్డాను. నిలబడటం తప్ప ఏం చేయగలను? పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఆ పిల్ల అరుపులు విన్నాను. తర్వాత వినపడలేదు. నీళ్లు తగ్గాక అవతలికి పోతే నాగవ్వ నా చేయి పట్టుకొని, "కల్వర్టు మంజూరైందన్నరు గదమ్మా, ఎప్పుడు కడ్తరు?" అంది. తిట్టలేదు అన్నా. నిజంగానే అడిగింది. నా సంతకం సంగతి ఆమెకు తెలియదు.

ఎన్నికలకు ముందు నిన్ను రెండుసార్లు అడిగాను. "ముందుగాల గోదాములు కట్టనీ, తర్వాత సూద్దాం" అన్నావు. ప్రకాశం మాత్రం మొదటి పని అదేనన్నాడు. ఓటు కాగితం చేతికి వచ్చినప్పుడు నీ పేరు దగ్గరికే చేయి పోయింది. గీత మాత్రం అక్కడ గీయలేక ప్రకాశం పేరు దగ్గర గీశాను.

ఎంకయ్యను పిలిపించి పనిలో పెట్టుకో. నేను మెంబరు పనికి రాజీనామా రాసి పంపుతాను, ఇక్కడే బిడ్డ దగ్గర ఉండిపోతాను. నన్ను క్షమించమని అడిగే నోరు నాకు లేదు.

నీ చెల్లెలు
శరణమ్మ


జహీరాబాద్,
3-7-1964

చెల్లె శరణమ్మకు అన్న మహాదేవప్ప దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు దుకాణం తెరవలేదు. నీకు చాలా ఘాటుగా ఒక జవాబు రాశాను. అది చించేశాను.

మూడోరోజు ఎంకయ్య ఇంటికి బయల్దేరాను. అతని ఇల్లు వాగు అవతలేనని నీకు తెలుసు. వాన పడింది, జీపు పోలేదు. గట్టు మీద కూర్చున్న జనంలో నేనూ రెండు గంటలు కూర్చున్నాను. ఎవరూ నాతో మాట్లాడలేదు. ఒక ముసలాయన మాత్రం కూర్చోమని తన గొంగడి పరిచాడు.

నడుము లోతు నీళ్లలో దాటిపోయి, "తప్పయింది ఎంకయ్యా. నువ్వు కాదని తెలిసింది" అన్నాను.

"నాకు ఆ దినమే ఎరుక సేటు" అన్నాడు. "శరణమ్మక్క నా పక్కకే కూసున్నది. గీత యాడ గీసిందో కండ్లవడ్డది."

"నేను అన్ని మాటలంటుంటే మరి ఎందుకు చెప్పలే?"

"నాకు ఈడ గాకుంటే ఇంకోకాడ పని దొరుకుతది. నీకు ఇంకో చెల్లె యాడ దొరుకుతది?"

తిరిగి రమ్మని ఎంతో అడిగాను. కోపం లేదంటాడు, మనసు మాత్రం అటు పోతలేదంటాడు. రాయికోడ్‌లో ఒక అడ్తిలో కుదిరాడు. మొన్న మన దుకాణం ముందు హమాలీలందరినీ నిలబెట్టి, ఎంకయ్య తప్పేమీ లేదని చెప్పాను. మరెవరని అడిగారు. నా ఇంటి ఓటే నాకు పడలేదని చెప్పాను. దాచితే అనుమానం మళ్లీ అతని మీదికే పోతుంది. నీ పేరు బయటపెట్టినందుకు నువ్వు బాధపడితే పడు.

రాజీనామా మాత్రం పంపకు. ఈ నెల పదిహేనున మీటింగు. ప్రకాశం కల్వర్టు తీర్మానం పెడుతున్నాడు. నువ్వు తప్పుకుంటే ఎనిమిదికి ఎనిమిది అవుతుంది, మనవాళ్లు దాన్ని సాగనివ్వరు. సాగనివ్వకుండా ఎలా ఆపాలో వాళ్లకు నేర్పింది నేనే. ఈసారి ఆపొద్దని చెప్పాను. మనం, ఎంకయ్య పోగా మిగిలిన ఆరుగురిలో ముగ్గురు తలూపారు, ముగ్గురు ఊపలేదు. నా ఓటు సంగతి అంటావా, ఓడించినవాడి తీర్మానానికి చేయి లేపడం నాకు చాలా కష్టం. అయినా లేపుతాను.

ఓడిపోయిన బాధ పదిరోజులు ఉండింది. ఎంకయ్య గడప ముందు తడిబట్టలతో నిలబడ్డ ఆ కాసేపు మాత్రం నన్ను వదిలేట్టు లేదు.

మీ వదిన నీతో కొన్నాళ్లు మాట్లాడదు. నేనూ ఎక్కువ మాట్లాడలేకపోవచ్చు. అయినా నీ ఇల్లు ఇదే. వచ్చే శనివారం బండికి రా, స్టేషనుకు నేనే వస్తాను.

మీ అన్న
మహాదేవప్ప