పెరటాసిలో మానిన మాత్ర

ఆగస్టు 20, బుధవారం

పొద్దున అందరినీ ఒంట్లో ఎట్లుందని అడిగాను. ఆయన మోకాలు నిన్నటికంటే మేలు. కోడలు వైదేహికి తలనొప్పి తగ్గింది. మనవరాలు నందితకు కడుపులో మంట, ఆఫీసు క్యాంటీన్ కారమే కారణం. తిరువొత్తియూరులో నా చెల్లెలు సత్యభామకే మేలు లేదు. కడుపులో గడ్డ. ఇంక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు.

నాకు స్కాన్‌లో ఏమీ లేదు. అయినా మా చూలై వీధి దాటితే గుండె దడ, చేతులు చల్లబడతాయి, ఇదే చావు అనిపిస్తుంది. చెల్లెలిని చూడాలని రెండుసార్లు బయలుదేరి, ఆటో తిప్పించుకొని వచ్చేశాను.

ఈ రోజు నందిత నా చెయ్యి పట్టుకొని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. దారంతా కళ్లు మూసుకున్నాను. దీని పేరు యాంగ్జైటీ అంట. ఒక రకం మాత్రతో దడ వెంటనే తగ్గుతుందంట, కానీ మత్తు. ఈ వయసులో తూలి పడితే తుంటి విరుగుతుంది, అలవాటు కూడా పడుతుంది అంది డాక్టరమ్మ. ఇంకొకటి రోజూ వేసుకునే క్యాప్సూల్. అది పనిచేయడానికి వారాలు పడుతుంది. ముందు కడుపులో తిప్పుతుంది, నోరు ఎండుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మీ అంతట మీరు నిలపకూడదు, ఏ సందేహమున్నా ఫోన్ చేయండి అంది.

క్యాప్సూలే ఒప్పుకున్నాను.

ఆగస్టు 24

వాంతి వచ్చేటట్టు ఉంది. అయినా మానలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

వీధి చివరికి ఒంటరిగా పోయి మల్లెపూలు కొన్నాను. దడ వస్తుందేమోనని నిలబడి చూసుకున్నాను. రాలేదు.

సత్యభామకు ఫోన్ చేసి 28న వస్తానన్నాను. అక్కా, నిజంగా వస్తా ఉండావా, మళ్లీ సగం దారిలో ఆటో తిప్పేస్తావా అని నవ్వింది. వాకిట్లో కుర్చీ వేసుకొని కూచుంటా, నువ్వు దిగేది నేను చూడాల అంది.

సెప్టెంబరు 20

పెరుమాళ్ల నెల పెరటాసిలో ఇది మొదటి శనివారం. సత్యభామ కోసం ఈ నెలంతా నీచు ముట్టనని పెరుమాళ్లకు మొక్కుకున్నాను. పక్కింటి చెంగమ్మ ప్రసాదానికి వచ్చి నా క్యాప్సూల్ చూసింది. ఏమ్మే సీతా, ఈ పైతోలు దేంతో చేస్తారో తెలుసునా, గొడ్డు ఎముకతో! మొక్కుకొని దినమూ నీచు మింగుతా ఉండావే అంది.

మొక్కు చెడితే సత్యభామకు ఏమవుతుందో. ఇది అడగడానికి డాక్టరమ్మకు ఫోన్ చేయాలంటే సిగ్గు. మానేశాను. ఎవరికీ చెప్పలేదు.

సెప్టెంబరు 24

తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఉంది. ఊరికే ఏడుపు. దేవుడి పరీక్ష అనుకొని ఓర్చుకుంటున్నాను.

సెప్టెంబరు 28, ఆదివారం

పోలేదు.

కొత్త చీర కట్టుకున్నాను. ఆటో వచ్చింది. గడప మీద కాలు పెట్టగానే వీధంతా గిర్రున తిరిగింది. పాత దడే, ఇంకా ఎక్కువగా. అక్కడే కూలబడ్డాను. ఆయన విసనకర్రతో విసురుతూ, పోదాం లేవే సీతా, నేను పట్టుకుంటా గదా అని బతిమాలినారు. ఆటోవాడు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయాడు.

సత్యభామ కొడుకు కిట్టు సాయంత్రం ఫోన్ చేశాడు. అమ్మ పొద్దుటినుంచి వాకిట్లోనే కూచొనుండాది పెద్దమ్మా, ఎండ వచ్చినా లోపలికి రానంటా ఉండాది అన్నాడు.

సెప్టెంబరు 30

మాత్రలు అట్లే ఉండడం నందిత చూసేసింది. ఏంది అవ్వా ఇట్లా చేసినావు అని అరిచి, తర్వాత నన్ను పట్టుకొని ఏడ్చింది. మళ్లీ కళ్లు మూసుకొనే దాంతో డాక్టరు దగ్గరికి పోయాను. డాక్టరమ్మ తిట్టలేదు. తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం, మందు ఒక్కసారిగా నిలిపినందుకేనంట. ఆ పైతోలు లేని మాత్ర కూడా ఉందంట, అడిగుంటే అదే రాసిచ్చేదాన్ని అంది. మళ్లీ తక్కువ మోతాదుతో మొదలు. మళ్లీ వారాలు.

మా చెల్లెలికి అన్ని వారాలు ఉన్నాయా అని అడిగాను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

అక్టోబరు 22

సత్యభామకు మాట పడిపోయింది. మనం చెప్పేది వింటుందని కిట్టు అన్నాడు.

అక్టోబరు 24

ఈ రోజు నందితతో ఆటోలో కొంత దూరం పోయి వచ్చాను. దడ వచ్చింది, పోయింది. ఎప్పుడూ సత్యభామే మాట్లాడేది, నేను వినేదాన్ని. ఇప్పుడు నేను ఏం చెప్పాలి.

ఎల్లుండి, అక్టోబరు 26, ఆదివారం, పొద్దున పది గంటలకు నందితా నేనూ సత్యభామ దగ్గరికి పోతున్నాము.