కొసరు ఇంకా తిరిగి రాలేదు

మల్కాజ్‌గిరి,
ఆదివారం.

పూజ్యులైన అన్నయ్యకి, తమ్ముడు సూర్యం నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, కమలా, పిల్లలూ కులాసా. వదిన మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. తగ్గడమంటే లేచి నడుస్తోందా, లేక పెరగడం నెమ్మదించిందా? రెండూ ఒకటి కావు. మన తగువంతా అక్కడే ఉంది.

ఓట్లకి ఇక్కడున్న మనూరివాళ్లని ఊరికి తీసుకెళ్లడానికి మీ పార్టీ తరఫున బస్సు మాట్లాడానన్నావు. "ద్రవ్యోల్బణం దిగొచ్చిందని నచ్చజెప్పి ఎక్కించు. బస్సు ఖాళీగా వస్తే మా నాయకుడి ముందు నా తల ఎక్కడ పెట్టుకోను?" అన్నావు. నీ మాట తీసెయ్యలేక, కిందటివారం మనవాళ్లంతా మా డాబా మీద చేరినప్పుడు నీ ఉత్తరం చదివాను. మన పడమటి వీధి అప్పలనర్సు, ఇక్కడ ఆటో నడుపుతున్నాడు, చేతులు కట్టుకుని అడిగాడు: "ధరలు తగ్గిపోనాయంట గదా మాష్టారూ, మరి మా ఇంటిది పప్పులో నీళ్లు తగ్గించలేదేటి?"

అందరూ పకపకా నవ్వారు. వాడి ప్రశ్నకి జవాబు నువ్వే చెప్పు.

టీవీలో టై కట్టుకున్నాయన ద్రవ్యోల్బణం పడింది పడింది అంటాడు. పడింది ధర కాదన్నయ్యా, ధర పెరిగే వేగం. ఎక్కిన మెట్లు ఎక్కినట్టే ఉన్నాయి. కందిపప్పు పాత ధరకి దిగలేదు, మా స్కూలువాళ్లిచ్చే జీతం కొత్త ధరకి ఎక్కలేదు. దీనికి తోడు మా ఇంటి ఓనరు మొన్న గుమ్మంలో నిలబడి, "సాఫ్ట్‌వేర్ పిల్లగాండ్లు అడిగినంత కిరాయి ఇస్తమంటున్రు సార్. మీరు సుత జెర సోంచాయించుండ్రి" అన్నాడు. ఆలోచించుకోమంటూ ఎంత మర్యాదగా గెంటుతున్నాడో చూడు!

కూరగాయల బండి యాదమ్మ ఇదివరకు ఏది కొన్నా చివర్లో ఇంత కొత్తిమీర, రెండు పచ్చిమిరపకాయలు కొసరు వేసేది. ధరలు మండినప్పుడు మానేసింది. ఇప్పుడు తగ్గాయటగా, కొసరెయ్యవా అని కమల అడిగితే, "టీవీల తగ్గితే టీవీనే అడుగు అక్కా. మండీల నాకెవ్వడేస్తుండు కొసరు?" అంది.

సర్కారు లెక్క తప్పని నేననను. ఆ నిజం లెక్కని పట్టుకుని నా చేత అబద్ధం చెప్పించకు, అంతే. నిన్న సాయంత్రం మళ్లీ అందరం కూర్చుని తేల్చుకున్నాం. బస్సు పంపకు. ఓటు మానేస్తామనుకునేవు, మానం. జనరల్ బోగీలో నిలబడైనా వస్తాం, మా టికెట్ మేమే కొనుక్కుంటాం. మీ బస్సెక్కితే మీ మాట కూడా మోసుకు రావాలి, అది మావల్ల కాదు. మీ నాయకుణ్ణి ఆ రోజు మన అరుగు మీదే కూర్చోబెట్టు. అప్పలనర్సు పప్పు సంగతి అడుగుతాడు. పక్కన నేనుంటాను. నీ తల దించడానికి కాదన్నయ్యా; నీ తమ్ముడు ఎదురుగా నిలబడి అడిగాడని ఊరు చెప్పుకుంటే నీ తలే పైకి లేస్తుంది.

ఇక్కడ ఎండలు షురూ అయ్యాయి. వేళకి తింటున్నాం, బెంగపడకండి. ఇక్కడి చింతపండు ధరకున్న ఘాటు పులుపుకి లేదు. వదినని కాస్త మన చింతపండు కట్టి ఉంచమను. మేనత్తకి, పెద్దలందరికీ మా నమస్కారాలు. మమ్మల్ని ఆశీర్వదించు, కోపంగానైనా సరే.

యాదమ్మ చేతినుంచి కొత్తిమీర కొసరు మా సంచిలో పడ్డ రోజున, ధరలు దిగాయని ఊరంతా నేనే చాటుతాను. అప్పటిదాకా నా నోట ఆ మాట రాదు.

నీ మొండి తమ్ముడు,
సూర్యం