ఒకే దారం, రెండు సూదులు

తమ్ముడూ,

ఒక మామూలు ఉదయం గుర్తొస్తోంది. నేను ప్రార్థన ముగించి వచ్చేసరికి నువ్వు దుకాణంలో నీ పీట మీద కూర్చుని చెప్పు కుడుతున్నావు. పక్కనే మరదలు సుజాత దారానికి మైనం పూస్తోంది. ఒకే దారం, రెండు కొసలకూ రెండు సూదులు. "ఒక కుట్టు తెగినా పక్కది పట్టుకుంటదక్కా" అన్నావు.

నువ్వు పోయాక మన చిన్న తమ్ముడు, మన చిన్నోడు, చెప్పులు కుట్టే మిషను కొన్నాడు. పని తొందరగానే అవుతోంది. ఈ రోజు న్యాల్‌కల్ ఊరి రైతు వచ్చి, మిషను మీద కుట్టిన చెప్పులు చిన్నోడి ముందు పడేశాడు. ఒక్క కుట్టు తెగి, అడుగున ఉండే అట్ట మొత్తం ఊడింది.

"మీ అన్న కుట్టిందైతే గిట్ల ఊడునా?"

"ఆ పని అన్నతోనే పోయింది కాకా. నాకు రాదు."

సుజాత నీ పీట జరుపుకుని కూర్చుంది. దారానికి మైనం పూసి, రెండు సూదులూ ఎక్కించి, కుట్టడం మొదలుపెట్టింది.

"వదినా, నీకెప్పుడొచ్చింది?"

"ఇన్నేండ్లు మీ అన్న పక్కపొంటి ఊకెనే కూసున్ననా?"

మనసులోనే దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

సాయంత్రం అందరం కూర్చుని అనుకున్నాం. పైతోలు చిన్నోడు మిషను మీద కుడతాడు. అట్టలు సుజాత చేత్తో కుడుతుంది. నువ్వు పొడుగు మనిషివి, నీ పీట ఆమెకు ఎత్తవుతోంది. రేపు దాని కాళ్లు కొంచెం కోయిస్తున్నాం.

అక్క