తొట్టిలో సున్నం

గురువారం రాత్రి, అల్ ఐన్

రేపు జుమ్మాకి మేడమ్ పుట్టింటివాళ్లు పిల్లలతో వస్తున్నారు. వాళ్లకు చూపించాలనే ఈ ఉప్పునీళ్ల చేపలతొట్టి కొని, హాల్లో వీసీఆర్ పక్కన పెట్టించింది. నెల కూడా కాలేదు, అద్దాల నిండా పచ్చటి పాచి. ఎంత తుడిచినా వదలడం లేదు. పొద్దున మేడమ్ దాన్ని చూపించి, "శాంతా, కల్ తక్ యే సబ్ ఖలాస్" అంది. రేపటికల్లా పోవాలట.

మా నాన్న చేపల చెరువులో పాచి కడితే సున్నం చల్లేవాడు. అది గుర్తొచ్చి, డ్రైవర్ రాజయ్యని తంబాకులో కలుపుకునే సున్నం అడిగాను. "ఇవి సముద్రం నీళ్లక్కా, జర సోంచాయించు" అంటూనే డబ్బీ ఇచ్చాడు. ఆలోచించే తీరిక నాకెక్కడిది? గ్లాసుడు నీళ్లలో కలిపి పోసేశాను.

తొట్టంతా పాలలా తెల్లబడింది. సాయంత్రానికి నీళ్లు తేటపడ్డాయి. గుడ్డ పెట్టి రుద్దగానే పాచి ఊడొచ్చేసింది. మేడమ్ వచ్చి చూసి నవ్వింది. నేనీ ఇంట్లో పనికొచ్చాక ఆమె నా భుజం తట్టడం ఇదే మొదలు.

తొట్టిలో ఉన్నదే ఒక్క పసుపు చేప, అది మాత్రం సున్నం పోయగానే రాయి వెనక్కి పోయి, ఇప్పటిదాకా బయటికి రాలేదు. మేత వేసినా రాలేదు, అద్దం మీద తట్టినా రాలేదు. రాయి కదిపి చూడాలంటే చెయ్యి రావడం లేదు...

మేడమ్ అద్దమే చూసింది, చేప గురించి అడగలేదు. రేపు వచ్చే పిల్లలు అద్దం చూడరు.